ఐన్‌స్టీన్ ఉపసంహరించుకొన్న వ్యాసం

1902 ఫిబ్రవరి 1వ తేదీన జూరిచ్ విశ్వవిద్యాలయం వారు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ అనే యువకునికి 230 ఫ్రాంకులు తిరిగి చెల్లించారు. డాక్టరు పట్టా కోసం రెండు నెలల కిందట అతడు సమర్పించిన పరిశోధన వ్యాసాన్ని తానే ఉపసంహరించుకొన్నాడు. పరీక్ష రుసుముగా కట్టిన సొమ్ము ఆ విధంగా వెనక్కు వచ్చింది. అప్పటికి అతనికి ఇరవైమూడేళ్లు నిండలేదు. స్థిరమైన కొలువు లేదు. మిలాన్ నగరంలో తండ్రి అప్పులలో మునిగి ఉన్నాడు. అతడు వివాహమాడదలచిన యువతి ఎంతో దూరాన, హంగరీ రాజ్యంలోని తన పుట్టినింట, ఆ రోజుల్లోనే ఒక ఆడబిడ్డను ప్రసవించింది. లేచి కూర్చుని ఉత్తరం వ్రాసే ఓపిక ఆమెకు లేకపోవడంతో, ఆ వార్త ఆమె తండ్రి చేతివ్రాతలో అతనికి అందింది.

1905వ సంవత్సరం తలచుకోగానే లోకం ఒక మెరుపును చూస్తుంది. ఎక్కడో పేటెంటు కార్యాలయంలో కూర్చున్న గుమాస్తా ఒకే ఏడాదిలో భౌతికశాస్త్రాన్ని తలకిందులు చేశాడని చెప్పుకొంటుంది. ఆ మెరుపుకు ముందు ఐదేళ్ల మబ్బు కలదు. 1987లో అతని యౌవనకాలపు ఉత్తరాలు గ్రంథరూపంలో వెలువడిన తరువాతనే ఆ ఐదేళ్ల సంగతి వివరంగా తెలిసివచ్చింది. ఆ ఉత్తరాలలో కనిపించేవాడు మహామేధావి కాడు. తన పని సాగుతున్నదో లేదో తెలియక, ఆచార్యుడు తన వ్యాసం చదివాడో లేదో తెలియక, ఒకనాడు ఆకాశానికి ఎగిరి మరునాడు నేలకూలే విద్యార్థి.

ఐన్‌స్టీన్ 1896లో జూరిచ్‌లోని సాంకేతిక విద్యాలయంలో చేరాడు. గణిత, భౌతికశాస్త్రాల బోధకులను తయారుచేసే శాఖలో అతనితోబాటు చదివినవారు వేళ్లమీద లెక్కపెట్టదగినవారే. వారిలో ఏకైక మహిళ మిలేవా మారిచ్. సెర్బు జాతికి చెందినది, అతనికంటె మూడేళ్లు పెద్దది. స్త్రీలకు ఉన్నత పాఠశాలల తలుపులే సరిగా తెరవని కాలంలో పట్టుదలతో అంతదూరం వచ్చిన మనిషి. 1900 జూలైలో జరిగిన పట్ట పరీక్షలో ఆరింటికి 4.91 సగటుతో ఐన్‌స్టీన్ గట్టెక్కాడు. ఉత్తీర్ణులైన నలుగురిలో అతనిదే చివరి స్థానం. 4.00 సగటు వచ్చిన మిలేవాను ఉత్తీర్ణురాలుగా పరిగణించలేదు. తక్కిన ముగ్గురికి విద్యాలయంలోనే సహాయకుల ఉద్యోగాలు లభించాయి. ఐన్‌స్టీన్‌కు మాత్రం లభించలేదు.

డాక్టరేటు పద్ధతి ఆనాడు నేటివలె ఉండేది కాదు. తరగతులు, వేతనం, గడువులు ఏవీ లేవు. అభ్యర్థి తానే ఒక విషయం ఎన్నుకోవాలి, ఒక ఆచార్యుని ఒప్పించాలి, వ్యాసం వ్రాసి రుసుము కట్టాలి. అంతవరకు పొట్ట గడిచేదెట్లా అన్నది అతని సొంత సమస్య. పైగా డాక్టరు పట్టా ఇచ్చే అధికారం సాంకేతిక విద్యాలయానికి 1909 వరకు లేదు. అక్కడి పట్టభద్రులు పక్కనున్న జూరిచ్ విశ్వవిద్యాలయానికి వ్యాసం సమర్పించుకొనేవారు. అనగా పని ఒకచోట, తీర్పు మరొకచోట.

మొదట ఐన్‌స్టీన్ తన భౌతికశాస్త్రాచార్యుడైన హైన్రిక్ వేబర్ వద్దనే, ఉష్ణవిద్యుత్తుకు సంబంధించిన విషయం మీద పరిశోధన చేయదలచాడు. ఈ గురుశిష్యులకు చుక్కెదురు. పాఠాలకు సరిగా హాజరు కాకపోవడం, ఆచార్యా అని గౌరవవాచకంతో పిలువవలసినచోట పేరు పెట్టి పిలవడం వంటి పనులతో శిష్యుడు అప్పటికే గురువు మనసు విరిచాడు. తప్పంతా వేబరుదేనని అనడానికి వీలులేదు. 1901 వసంతానికి ఆ పరిశోధన అటకెక్కింది. జెనోవాలోని బంధువులు చదువుకని నెలనెలా పంపే 100 ఫ్రాంకులు పట్ట పరీక్షతోనే ఆగిపోయాయి. యూరపు నలుమూలలా ఉన్న ఆచార్యులకు సహాయకునిగా చేర్చుకొనవలసిందని ఉత్తరాలు వ్రాశాడు. చాలామంది జవాబైనా ఇవ్వలేదు. తన మీద వేబర్ చెడుమాటలు చెబుతున్నాడని అతనికి గట్టి అనుమానం ఉండేది.

ఈ ఉత్తరాలలో ఒకదాని కథ మనసును తాకుతుంది. 1901 మార్చిలో లైప్‌జిగ్‌లోని సుప్రసిద్ధ రసాయనశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్‌కు ఐన్‌స్టీన్ తన తొలి వ్యాసం పంపి ఉద్యోగం అడిగాడు. జవాబు లేదు. చిరునామా వ్రాశానో లేదోనన్న మిషతో మరొక ఉత్తరం వ్రాశాడు. ఏప్రిల్ నెలలో తండ్రి హెర్మన్ ఐన్‌స్టీన్, కుమారునికి తెలియకుండా, ఎన్నడూ ముఖమెరుగని ఆ ఆచార్యునికి తానే ఒక లేఖ వ్రాశాడు. బిడ్డ రోజురోజుకు కుంగిపోతున్నాడనీ, తాము అంతగా కలిగినవారము కానందున కుటుంబానికి బరువయ్యానన్న బాధ అతణ్ణి తినివేస్తున్నదనీ, ఉద్యోగం ఇవ్వలేకపోయినా అతని వ్యాసం చదివి నాలుగు మంచి మాటలు వ్రాయవలసిందనీ వేడుకొన్నాడు. దానికి ప్రత్యుత్తరం వచ్చిన దాఖలా లేదు. తొమ్మిదేళ్ల తరువాత, 1910వ సంవత్సరపు నోబెల్ బహుమానానికి ఐన్‌స్టీన్ పేరు మొట్టమొదట ప్రతిపాదించినవాడు ఈ ఓస్ట్‌వాల్డే. అది చూడడానికి హెర్మన్ బ్రతికి లేడు. 1902 అక్టోబరులో, కుమారుడు ఒక చిన్న ఉద్యోగంలో కుదురుకొన్న నాలుగు నెలలకు, ఆయన మిలాన్‌లో కన్నుమూశాడు.

1901 వేసవిలో వింటర్‌థూర్ పట్టణంలో ఒక ఉపాధ్యాయుని బదులు రెండు నెలలపాటు పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది. ఉదయం బోధన, మధ్యాహ్నం గ్రంథాలయం లేక ఇంటివద్ద సొంత చదువు. ఆ కాలపు ఉత్తరాలలో చింత తక్కువ, శాస్త్రం ఎక్కువ. రోజుకు కొన్ని గంటలు జీతం తెచ్చే పని ఉన్నప్పుడే అతని బుద్ధి చురుకుగా సాగేదన్నది ఆ తరువాత కూడా రుజువైన విషయం. శరత్కాలంలో షాఫ్‌హౌసన్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో ట్యూటరుగా చేరి, అక్కడే, ఈసారి వేబర్ ప్రమేయం లేకుండా, వ్యాసం పూర్తిచేశాడు. వాయువులలోని అణువుల మధ్య పనిచేసే బలాలు దాని విషయం. 1901 నవంబరు 23వ తేదీన అది జూరిచ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడైన ఆల్‌ఫ్రెడ్ క్లైనర్ వద్దకు వెళ్లింది.

ఈ ఏడాదంతా మిలేవా స్థితి ఏమిటి? ఆమె కూడా వేబర్ ప్రయోగశాలలోనే ఉష్ణవాహకత మీద డాక్టరు పట్టాకై పనిచేస్తూ ఉండేది. ఆమెకు కూడా వేబరుతో పొసగలేదు. దానితోబాటు, తప్పిన పట్ట పరీక్షను మళ్లీ వ్రాయవలసిన భారం ఆమె మీద అదనంగా ఉంది. 1901 జూలైలో రెండవసారి పరీక్షకు కూర్చొనేనాటికి ఆమె మూడు నెలల గర్భవతి. పెళ్లి కాలేదు. ఐన్‌స్టీన్ తల్లి ఈ సంబంధాన్ని ఎంతమాత్రం సహించలేదు. రెండవసారి కూడా పరీక్ష తప్పింది. ఆమె పరిశోధనను వదలి పుట్టింటికి వెళ్లిపోయింది. నవంబరులో షాఫ్‌హౌసన్‌కు సమీపాన స్టైన్ అనే చిన్న ఊరికి వచ్చి, ఎవరి కంటా పడకుండా ఒక హోటలులో కొద్ది రోజులు గడిపింది. దగ్గరలోనే ఉన్నా ఐన్‌స్టీన్ తరచు రాలేకపోయాడు. రైలు ఛార్జీకి కూడా వెనకాడే రోజులు. ఆ రోజుల్లోనే ఆమె అతని వ్యాసాన్ని చదివి, ఎంతో ఆనందం కలిగిందని ఒక స్నేహితురాలికి వ్రాసింది. తన చదువు ముగిసిపోయినదని తెలిసిన మనిషి అవతలివాని వ్యాసం చూసి మనస్ఫూర్తిగా మురిసిపోవడం సామాన్యమైన విషయం కాదు.

క్లైనర్ వ్యాసాన్ని వెంటనే చదవలేదు. నవంబరు గడిచింది, డిసెంబరు సగం గడిచింది. విద్యార్థి సహనం నశించింది. తన వ్యాసాన్ని తిరస్కరించే సాహసమే చేస్తే ఆ తిరస్కారాన్ని వ్యాసంతోబాటు అచ్చువేసి ఆయన పరువు తీస్తానని మిలేవాకు వ్రాశాడు. రెండు రోజుల తరువాత జూరిచ్ వెళ్లి క్లైనర్‌ను స్వయంగా కలుసుకొన్నాడు. ఆచార్యుడు ఇంకా వ్యాసం చదవలేదు. కాని చలించే వస్తువుల విద్యుద్గతిశాస్త్రం మీద ఈ యువకుడు చెప్పిన ఊహలను శ్రద్ధగా విని, వాటిని ప్రచురించమని ప్రోత్సహించాడు. తిరుగుబాటలో ఐన్‌స్టీన్ కోపమంతా దిగిపోయింది. తాననుకొన్నంత మందబుద్ధి కాడని క్లైనర్‌కు ఉత్తరంలో ఒక యోగ్యతాపత్రం కూడా ఇచ్చాడు! ఆనాటి ఆ ఊహలే కాలక్రమాన సాపేక్ష సిద్ధాంతానికి దారితీశాయి.

అయినా వ్యాసం నిలువలేదు. అందులో లుడ్విగ్ బోల్ట్స్‌మన్ వంటి మహామహునిపై విమర్శ ఉండడం క్లైనర్‌కు నచ్చక, వెనక్కు తీసుకొమ్మని సలహా ఇచ్చి ఉంటాడని చరిత్రకారులు భావిస్తున్నారు. దాని ప్రతి ఒక్కటైనా నేడు మిగిలి లేదు. గురుత్వాకర్షణను పోలిన ఒక నియమంతో అణుబలాలను వివరించవచ్చునన్న ఊహ మీద అతని తొలి రచనలు ఆధారపడి ఉన్నాయి. ఆ ఊహ సరికాదని తేలింది. తన మొదటి రెండు ముద్రిత వ్యాసాలు కొరగానివని 1907లో అతడే ఒప్పుకొన్నాడు. ఆ దృష్టితో చూస్తే క్లైనర్ చేసిన కీడేమీ లేదు. ఐతే 1902 ఫిబ్రవరిలో అది అతనికి తెలియదు గదా! చేతికి తిరిగివచ్చిన ఆ 230 ఫ్రాంకులు తరువాత దొరకబోయే ఉద్యోగంలో ఒక నెల జీతానికి ముప్పాతిక పైచిలుకు. ఆకలిగొన్నవానికి అది పెద్ద మొత్తమే.

ఈ కాలమంతటా అతణ్ణి నిలబెట్టినది స్నేహం. సహాధ్యాయి మార్సెల్ గ్రాస్‌మన్ శ్రద్ధగా వ్రాసుకొన్న పాఠాల నోట్సు చదివి ఐన్‌స్టీన్ పరీక్షలు దాటాడు. ఇప్పుడు ఆ గ్రాస్‌మన్ తండ్రి బెర్న్ నగరంలోని పేటెంటు కార్యాలయాధిపతి ఫ్రీడ్రిక్ హాలర్‌తో తనకున్న పరిచయాన్ని పురస్కరించుకొని అతనికోసం మాట చెప్పాడు. ఉద్యోగం ఖాయం కాకముందే ఐన్‌స్టీన్ బెర్న్ చేరి, గణిత భౌతికశాస్త్రాలలో ప్రైవేటు పాఠాలు చెబుతానని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. ఆ ప్రకటన చూసి పాఠాలకు వచ్చిన మోరిస్ సోలొవీన్ కొద్ది రోజుల్లోనే శిష్యరికం మాని మిత్రుడయ్యాడు. కోన్రాడ్ హాబిక్ట్ తోడయ్యాడు. ముగ్గురూ కలిసి ఒలింపియా అకాడమీ అని తమ కూటమికి వేళాకోళంగా పేరు పెట్టుకొని రాత్రులలో హ్యూమ్, మాఖ్, పాయింకరే గ్రంథాలు చదివి వాదించుకొనేవారు. 1902 జూన్‌లో మూడవ తరగతి సాంకేతిక నిపుణునిగా సంవత్సరానికి 3,500 ఫ్రాంకుల జీతం మీద ఉద్యోగం లభించింది. 1903 జనవరి 6వ తేదీన మిలేవాతో వివాహం జరిగింది.

ఆ జనవరిలోనే మిత్రుడు మికేలే బెస్సోకు వ్రాసిన ఉత్తరంలో, డాక్టరు పట్టా ప్రయత్నం మానుకొన్నట్లు తెలియజేశాడు. దానివల్ల తనకు ఒరిగేది పెద్దగా లేదనీ, ఆ నాటకం తనకు విసుగు పుట్టించినదనీ దాని సారాంశం. అందని ద్రాక్షపళ్లు పుల్లన అన్న సామెత ఇక్కడ గుర్తుకు రాకపోదు. కాని రెండు నెలలు తిరగకుండానే, మార్చిలో, అదే బెస్సోకు మరొక ఉత్తరంలో ఒక ప్రశ్న వేశాడు. ద్రావణంలోని కణాలను గోళాలుగా భావించి, ద్రవాల చలనసూత్రాలను వాటికి అన్వయించి, వాటి పరిమాణాన్ని లెక్కకట్టావా అని. పట్టా ఊసు విడిచిపెట్టిన మనిషికి పట్టా తెచ్చిపెట్టిన ఊహ అదే. దాని మీద డాక్టరేటు వ్రాయాలన్న ఆలోచన అప్పటికి ఉన్నట్లు కనబడదు.

1905 ఏప్రిల్ 30వ తేదీన ఆ ఊహ వ్యాసరూపం తాల్చి పూర్తయింది. చక్కెర అణువు ఎంత పెద్దది? ఇది దానిలోని ప్రశ్న. నీటిలో చక్కెర కలిపితే నీరు చిక్కబడుతుంది. ఎంత చిక్కబడుతుందన్నది అణువులన్నీ కలిసి ఆక్రమించే స్థలాన్ని బట్టి ఉంటుంది. చక్కెర నీటిలో ఎంత వేగంగా వ్యాపిస్తుందన్నది అణువుల సంఖ్యను, వాటి వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. తెలియని రాశులు రెండు, సమీకరణాలు రెండు. ప్రయోగశాల అక్కరలేదు, ఇతరులు కొలిచి ప్రకటించిన అంకెలు చాలు. పగలు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు ఆఫీసులో పనిచేసే మనిషికి ఇంతకన్న అనువైన విషయం దొరకదు. మొదట సాపేక్షతకు సంబంధించిన వ్యాసాన్నే పట్టాకు పంపాడనీ, ఆచార్యులకు అది వింతగా తోచడంతో ఈ చక్కెర వ్యాసాన్ని ఇచ్చాడనీ అతని చెల్లెలు మాయా వ్రాసింది. ఏమైనా ఈసారి అతడు ఏ మహామహుని మీదా కత్తి దూయలేదు.

జూలైలో వ్యాసం మళ్లీ క్లైనర్ చేతికే వెళ్లింది. ఈసారి ఆలస్యం లేదు. లెక్కలు కఠినంగా ఉండడంవల్ల ఆయన గణితాచార్యుడైన బుర్క్‌హార్ట్‌ను కూడా చూడమన్నాడు. సరిగానే ఉన్నవని ఆయన అన్నాడు. ఆ నెలాఖరులోపుననే అంగీకారం లభించింది. వ్యాసం మరీ చిన్నదిగా ఉన్నదని తిప్పిపంపగా ఒకే ఒక వాక్యం చేర్చి మళ్లీ ఇచ్చాడని, దానితో సరిపోయిందని, ఐన్‌స్టీన్ తానే తరువాత నవ్వుతూ చెప్పుకొనేవాడట. అచ్చయిన వ్యాసం గ్రాస్‌మన్‌కు అంకితమయింది. 1906 జనవరి 15వ తేదీన పట్టా వచ్చింది. ఏప్రిల్‌లో పేటెంటు కార్యాలయం వారు అతణ్ణి రెండవ తరగతికి పెంచి 4,500 ఫ్రాంకుల జీతం ఇచ్చారు.

మిలేవా మళ్లీ పరీక్షకు కూర్చోలేదు. 1904 మేలో పుట్టిన కుమారుడు హాన్స్ ఆల్బర్ట్‌ను పెంచుతూ ఇల్లు నడిపింది. మొదటి ఆడబిడ్డకు మశూచివలె పిల్లలను బాధించే ఒక ఎర్రజ్వరం వచ్చినట్లు 1903 శరత్తులో ఒక ఉత్తరం చెబుతుంది. ఆ తరువాత ఆ బిడ్డ ఊసు మరి ఎక్కడా లేదు. సాపేక్ష సిద్ధాంతంలో సగం మిలేవాదేనన్న వాదం ఒకటి ఇటీవలి దశాబ్దాలలో బయలుదేరింది. దానికి ఆధారాలు చాలవు. ఆ వాదం లేకపోయినా ఆమె పోగొట్టుకొన్నది తక్కువ కాదు. ఇద్దరినీ ఒకే ఆచార్యుడు విసిగించాడు, ఇద్దరి మొదటి పరిశోధనలూ భగ్నమైనాయి. అతనికోసం మాట చెప్పడానికి స్నేహితుని తండ్రి ఉన్నాడు, వాదించడానికి అకాడమీ ఉన్నది, మూడేళ్లు పక్కన పెట్టినా తిరిగి వచ్చి తట్టడానికి విశ్వవిద్యాలయం తలుపు ఉన్నది. ఆమెకోసం ఎవరూ హాలర్‌తో మాట్లాడలేదు. 1919లో వారు విడిపోయినప్పుడు, ముందు ముందు రాగల నోబెల్ బహుమానపు సొమ్ము ఆమెకు చెందాలని ఒప్పందం జరిగింది. ఆ ప్రకారమే చెందింది. ఆమె 1948లో జూరిచ్‌లో మరణించింది.

ఒకనాడు వ్యాసాన్ని నిలువనీయని క్లైనరే 1909లో ఐన్‌స్టీన్‌ను జూరిచ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి సిఫారసు చేశాడు. అతడు ఆ పదవిలో ఉండగా పాత వ్యాసానికి ఒక చిక్కు వచ్చింది. పారిస్‌లో పెర్రిన్ ప్రయోగశాలలో పనిచేసే బాన్సెలిన్ ప్రయోగం చేసి చూడగా, ద్రవం చిక్కబడే తీరు ఐన్‌స్టీన్ సూత్రం చెప్పినదానికంటె చాలా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఐన్‌స్టీన్ తన లెక్క తాను మళ్లీ చూసుకొన్నాడు; తప్పు కనబడలేదు. శిష్యుడు లుడ్విగ్ హోఫ్‌ను చూడమన్నాడు. హోఫ్ పట్టుకొన్నాడు. ఒకటి ఉన్న చోట రెండున్నర ఉండాలి. బుర్క్‌హార్ట్ సరిచూసి ఒప్పుకొన్న లెక్కలోనే పొరపాటు దాగి ఉన్నది. ఒక గ్రాము-అణువు పదార్థంలో ఎన్ని అణువులుంటాయన్న దానికి 1905 నాటి వ్యాసంలో వచ్చిన అంకె, నేడు మనకు తెలిసిన అంకెలో సుమారు మూడవ వంతు మాత్రమే. 1911లో ప్రకటించిన సవరణతో అది అసలు విలువకు దగ్గరగా వచ్చింది. రంగులు, సిమెంటు, పాల పదార్థాలు తయారుచేసేవారు ఆ సవరించిన సూత్రాన్ని ఆ తరువాత ఎంతగానో వాడుకొన్నారు. పట్టా మాత్రం 1906 నాటిదే. దానిని తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు.